ముగ్గురికి ముగ్గురు

సైరన్ మోగి పన్నెండు నిమిషాలైంది, ఇంకా ఎవరూ రాలేదు. వస్తారులే, పదకొండు అంతస్తులు ఎక్కి రావాలి, వట్టి చేతులతోనా, మెట్ల మీద దించే ఆ కుర్చీ కూడా మోసుకుని రావాలి, కాస్త టైము పట్టదూ, అని తనకు తనే సర్దిచెప్పుకుంది ప్రవల్లిక. రెండు లిఫ్టుల మధ్య గోడకు ఆనుకుని, తన వీల్‌చెయిర్‌కి బ్రేకులు వేసుకుని కూర్చుంది. లిఫ్టుల నెత్తిన ఎప్పుడూ ఎర్రగా వెలిగే అంకెలు ఆరిపోయి ఉన్నాయి. ఇది నిజం మంట కాదు, ఉత్త డ్రిల్లు, దీపావళికి ముందు ఘాజియాబాద్‌లోని ఇలాంటి పెద్ద సొసైటీలు చేయించే డ్రిల్లు. పది గంటలకు సైరన్ మోగుతుంది, లిఫ్టులు ఆపేస్తారు, అందరూ మెట్ల మీదుగా దిగి పార్కులో నిలబడాలి, ఫ్లాటుకొకరు రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాలి. ఆదివారం పూట ఇదేం ఖర్మ అని తిట్టుకుంటూనే అందరూ దిగారు. ఎదురు ఫ్లాటు భాటియా ఆంటీ తన బొచ్చుకుక్కను చంకనేసుకుని వచ్చి, "తుమ్ ఆరామ్ సే బైఠో బేటా, డ్రిల్ హీ తో హై," అని, నువ్వు హాయిగా కూర్చోమ్మా, డ్రిల్లే కదా అన్నట్టు ప్రవల్లిక చెంప నిమిరి మరీ వెళ్ళింది. కుక్క కూడా దిగింది. ఆ కుక్క పేరు కోకో. ఫ్లాట్ల లిస్టులో పెంపుడు జంతువులకు ఒక గడి ఉంది, అందులో దాని పేరు ఉంది. ఆ లిస్టు వాట్సాప్ గ్రూపులో పెట్టిన రోజు ప్రవల్లిక పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివింది. మెట్లు దిగలేనివాళ్ళకంటూ ఏ గడీ లేదు.

అందుకే ఈ కూర్చోవడం. ఎవరికీ పట్టని డ్రిల్లుకి ఆమె పొద్దున ఆరింటికే లేచి తయారైంది. పాదాల దగ్గర బిగుతుగా ఉండే చుడీదార్ వేసుకుంది, ఎత్తినప్పుడు గుడ్డ పైకి జరిగి కాళ్ళు కనబడకుండా. నాలుగేళ్ళుగా కదలని కాళ్ళు, కండ కరిగిపోయి సన్నబడిన కాళ్ళు, వాటిని చూసి ఎవరో అయ్యో అనడం ఆమెకు ఇష్టం లేదు. కాళ్ళ కింద పలక మీద పాదాలకు పట్టీ బిగించుకుంది. జుట్టు ముడేసుకుంది. రెండు గుక్కల టీ మాత్రమే తాగింది, ఎందుకంటే గంటో రెండు గంటలో కింద పార్కులో ఉండాల్సి వస్తే అక్కడి క్లబ్బు బాత్రూముకి రెండు మెట్లున్నాయి. ఇవన్నీ ఆలోచించుకుని తయారవడం ఇప్పుడు అలవాటైపోయింది. కిందికి దిగడమంటే మిగతావాళ్ళకి చెప్పుల్లో కాళ్ళు పెట్టడం, అంతే. భర్త సాయిప్రకాష్ అలాగే చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, ఏడేళ్ళ కూతురు చైతు చెయ్యి పట్టుకుని మొదటి నిమిషంలోనే దిగాడు. చైతు మలుపు దగ్గర ఆగి, బడికి వెళ్తున్నట్టు "బై మమ్మా" అంది. సాయి మాత్రం ఈవైపు చూడలేదు. తాళం చెవి ఉందో లేదో జేబు తడుముకుంటూ వెళ్ళిపోయాడు. తడుముకుంటాడు, అతనికది అలవాటే, దానికేముంది.

రాస్తాడు. ముగ్గురు ఉన్నారు, ఇద్దరు దిగారు, ఒకరు పైన ఉన్నారు అని రాస్తాడు. రాయాల్సిందల్లా ఆ ఒక్క ముక్క. రెండేళ్ళుగా ఆమె రాసిన ఈమెయిళ్ళు అన్నీ కలిపితే ఒక పుస్తకం అవుతుంది, మెట్ల మీద జారించుకుంటూ మనిషిని దించే కుర్చీ ఒకటి ఉంటుంది, కింద రబ్బరు పట్టాలుంటాయి, ఇద్దరు మనుషులుంటే చాలు, అలాంటిది ఒక్కటి టవర్లో పెట్టించండి మహాప్రభో అని. కమిటీలో ఒకాయన ఒక్క ఫ్లాటు కోసమా అన్నాడట. ఇంకొకాయన టవర్లో ముసలివాళ్ళు ఎంతమంది ఉన్నారు, వాళ్ళెవరూ అడగలేదే అన్నాడట. అడగని వాళ్ళు మంచివాళ్ళు, అడిగినావిడకి పొగరు. చివరికి సెక్రటరీ త్యాగీ, పాపం ఆయన చెడ్డవాడేం కాదు, గేటు దగ్గర కనబడి గొంతు తగ్గించి చెప్పాడు, "మేడమ్, కాగజ్ పే ఆనా చాహియే." కాగితం మీదికి రావాలి. డ్రిల్లు రోజున సేఫ్టీ ఏజెన్సీ వాళ్ళు వస్తారు, వాళ్ళ వెంట అలాంటి కుర్చీ ఒకటి ఉంటుంది, రిజిస్టర్లో ఎవరైనా పైన ఉండిపోయారని రాస్తే ఇద్దరు మనుషులు దాన్ని తీసుకుని పైకొచ్చి దింపుతారు, దింపితే రిపోర్టులో రాస్తారు, రిపోర్టులో ఉన్నదాన్ని కమిటీ కాదనలేదు. రాయకపోతే మళ్ళీ ఏడాది దాకా ఎవరూ ఈ ఊసెత్తరు. ఏడాది అంటే ఒక వేసవి, మళ్ళీ ఆ మే నెల.

మే నెల తలుచుకుంటే ఇప్పటికీ నోరు ఎండిపోతుంది. మధ్యాహ్నం రెండింటికి పక్క టవర్లో ఆరో అంతస్తు ఏసీ డబ్బా అంటుకుంది. నల్లటి పొగ గాలికి ఇటువైపే తిరిగింది. సాయి గురుగ్రామ్ ఆఫీసులో, చైతు బడిలో, వంటమనిషి వెళ్ళిపోయింది. రెండు టవర్ల లిఫ్టులూ ఒక్కసారే ఆపేశారు. మెట్లలో దబదబా దిగుతున్న కాళ్ళ చప్పుడు, ఎన్ని కాళ్ళో, ఎంతమంది తలుపు ముందు నుంచే పోయారో. తలుపు తీసుకుని కూర్చుంది, ఎవరైనా చూస్తారని. చూశారు కూడా. అయ్యో అన్నట్టు మొహం పెట్టి, పిల్లల్ని ముందుకు తోసుకుంటూ పోయారు. ఏం చెయ్యగలరు, ఎత్తుకుని పదకొండు అంతస్తులు ఎవరు దింపగలరు, ఆమె మాత్రం వాళ్ళ చోట ఉంటే ఏం చేసేది, అని అప్పుడే అనుకుంది, అనుకుని బాల్కనీలోకి పోయి తడి తువ్వాలు మొహాన కప్పుకుంది. కింద జనమంతా ఫోన్లు పైకెత్తి నిలబడి ఉన్నారు. త్యాగీకి ఫోన్ చేస్తే, "ఆప్ కే టవర్ మే తో నహీ హై నా మేడమ్," అన్నాడు. నిజమే, తన టవర్లో కాదు. నలభై నిమిషాల తర్వాత పొగ తగ్గింది. సాయంత్రం సాయి వచ్చి, "ఏం కాలేదుగా," అన్నాడు. ఏం కాలేదు. తువ్వాలు మసిపట్టింది, అంతే, ఉతికితే పోయింది.

పద్దెనిమిది నిమిషాలు. మెట్లలోంచి మైకు గొంతు వినబడుతోంది, మాటలు తెలియడం లేదు, ఎవరో నవ్వుతున్నారు. మెట్ల తలుపు కొద్దిగా తెరుచుకునే ఉంది, బరువు తలుపు, ఒక చేత్తో తలుపు తోసి ఇంకో చేత్తో చక్రం తిప్పడం కుదరదు, ఎప్పుడో ప్రయత్నించి వేలు నలగ్గొట్టుకుంది. మొదటి మెట్టు కనిపిస్తోంది. బూడిదరంగు మెట్టు, అంచున పసుపుపచ్చ గీత. ఈ ఇల్లు కొనేటప్పుడు ఆ మెట్లు చూసిన గుర్తే లేదు. తూర్పు ముఖమా, వంటగదిలోకి గాలొస్తుందా, కారు ఎక్కడ పెట్టుకోవాలి, అన్నీ అడిగారు, మెట్ల సంగతి ఎవరడుగుతారు. ఆ రోజుల్లో మెట్లంటే ఆమెకు లెక్కేలేదు. సరోజినీ నగర్ మార్కెట్లో మధ్యాహ్నమంతా తిరిగి, నాలుగు సంచులు రెండు చేతులకీ తగిలించుకుని, మెట్రో మెట్లు రెండేసి చొప్పున ఎక్కేది. మొన్న మళ్ళీ వెళ్ళింది అదే మార్కెట్‌కి, సాయి తోసుకుంటూ తీసుకెళ్ళాడు. కుర్తా ఆమె చేతిలోనే ఉంది, ఆమే రంగు అడిగింది, ఆ కొట్టువాడు మాత్రం ఆమె నెత్తిమీదుగా సాయిని చూసి, "భయ్యా, దీదీ కా సైజ్ క్యా హై?" అన్నాడు. సాయి ఠక్కున చెప్పాడు. ఆమె ఉంది కదా, ఆమెనే అడుగు, అనలేదు. అనాలని తోచలేదు కూడా. అలా తోచకపోవడమే ఆమెను ఎక్కువ కోసింది, దారి పొడుగునా మాట్లాడలేదు, ట్రాఫిక్ చికాకేమో అనుకున్నాడతను.

నిన్న సాయంత్రం కూడా అంతే. బట్టలు మడతపెడుతూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు, "ఇద్దరు మనుషులు నిన్ను బెల్టులేసి కట్టి మెట్లమీద దింపుతుంటే కింద రెండొందల మంది ఫోన్లు పట్టుకుని ఉంటారు వల్లీ. ఆ వీడియో రాత్రికల్లా గ్రూపులో ఉంటది. చైతు క్లాసు పిల్లల అమ్మలంతా అందులోనే ఉన్నారు." చూడనీ, చూస్తేనే కదా కొంటారు, అంది ఆమె. "నీకేం, నువ్వు కూర్చునుంటావు. పక్కన నడవాల్సింది నేను," అన్నాడు. ఆ మాట నోరుజారి వచ్చిందని అతనికీ తెలుసు, చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత చాలాసేపటికి, పళ్ళెంలో అన్నం కలుపుకుంటూ, "సరేలే, రాస్తాలే," అన్నాడు. రాస్తాను అనలేదు. రాస్తాలే అన్నాడు. ఆ మాటే పట్టుకుని రాత్రి హాయిగా నిద్రపోయింది. అతను మంచివాడు, ఎవరినడిగినా చెబుతారు, ఈ నాలుగేళ్ళలో ఆస్పత్రి, మందులు, మంచం దగ్గర గిన్నె, అన్నీ చేశాడు, ముక్కు మూసుకోకుండా చేశాడు. నాలుగ్గోడల మధ్య అతనంతటివాడు లేడు. నలుగురిలోనే వస్తుంది చిక్కు.

ఇరవై మూడు నిమిషాలు. మామూలుగా అయితే ఈపాటికి రిజిస్టరు అందరి దగ్గరా తిరిగేసి ఉండాలి. ఆమెకు తెలుసు, తెలియకేం, ఆమె కూడా ఒకప్పుడు ఇలాంటి డ్రిల్లుల్లో అందరినీ దింపి లెక్క రాసే ఫైర్ వార్డెనే. నోయిడా ఆఫీసు, ఐదో అంతస్తు, నారింజరంగు జాకెట్టు, మెళ్ళో విజిల్, చేతిలో అట్టకి క్లిప్పుతో బిగించిన పేర్ల కాగితం. ఆ జాకెట్టు వేసుకుంటే ఎంత గొప్పగా ఉండేదో. అరవై నలుగురు మనుషులు, అరవై నాలుగు పేర్లు, ఏ అంతస్తు ముందు ఖాళీ అయితే దానికి బహుమతి. అరుస్తూ, తోస్తూ, లాప్‌టాప్‌లు వదలండి అని కేకలేస్తూ అందరినీ తరిమింది. అందరి కంటే చివర శ్రీరాములు గారు. అకౌంట్స్ శ్రీరాములు గారు, ఒంగోలు ఆయన, చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు చంకల్లో రెండు కర్రలు. భార్యకి సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగం, ఆర్.కె. పురంలో కింది అంతస్తు క్వార్టర్, అక్కణ్ణుంచి వెనక రెండు చక్రాలు అదనంగా బిగించిన స్కూటర్ మీద రోజూ నోయిడా దాకా వచ్చేవారు. కొత్తగా ఎవరు చేరినా, తెలుగువాళ్ళని తెలిస్తే చాలు, మీదే ఊరమ్మా అని పలకరించేవారు. ఆయన దగ్గరికి పరుగున పోయి ఆమె అంది, "సర్, మీకెందుకు శ్రమ, మీరు కూర్చోండి, డ్రిల్లే కదా."

ఆయన లేచి నిలబడి ఉన్నారు.

ఇదేమిటి, ఇది ఇన్నేళ్ళూ ఎక్కడుంది. లేచి నిలబడి ఉన్నారు, రెండు కర్రలూ చంకల్లో ఉన్నాయి, అన్నం సంచి భుజానికి తగిలించుకుని ఉన్నారు. తయారై ఉన్నారు. దిగడానికే తయారై ఉన్నారు. తన మాట విని, సంచి తీసి బల్లమీద పెట్టి, కర్రలు ఒకదాని తర్వాత ఒకటి గోడకు ఆనించి, మెల్లగా మళ్ళీ కూర్చున్నారు. ఆమె అప్పటికే వెనక్కి తిరిగింది, కంటి చివర్న మాత్రమే చూసింది, అయినా చూసింది, చూసినట్టు ఇప్పుడు తెలుస్తోంది. కింద, ఎండలో, కాగితం మీద అరవై నాలుగుకి అరవై నాలుగు వేసింది. పెన్ను ఆగలేదు. ఆయన పేరు పక్కన కూడా టిక్కు పెట్టింది, అందరికీ పెట్టినట్టే, కాస్త సాగదీసి, అందంగా. ఐదో అంతస్తు ఫస్టు వచ్చింది. తెల్లటి మగ్గు ఇచ్చారు, దాని మీద ఎర్రటి అక్షరాలు. ఇవాళ పొద్దున టీ అందులోనే తాగింది.

పైకొచ్చాక చెప్పింది కూడా ఆయనకి. "మిమ్మల్ని కూడా కలిపే రాశాను సర్, లేకపోతే మనకి ఫస్టు వచ్చేది కాదు." ఉపకారం చేసినదానిలా చెప్పింది. ఆయన ఏదో అన్నారు. చిన్న మాట, ఒక్క వాక్యం. అందరూ పగలబడి నవ్వారు, అందరికంటే తనే ఎక్కువ నవ్వింది, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది, అది గుర్తుంది. ఏమన్నారు? మగ్గు గుర్తుంది, జాకెట్టు గుర్తుంది, ఆ నవ్వు గుర్తుంది, మాట మాత్రం గుర్తు రావడం లేదు. ఆయన కూడా నవ్వారు. నవ్వినట్టే ఉన్నారు.

ఆ తర్వాత రెండేళ్ళకి, డిసెంబరు పొగమంచులో, ఆఫీసు క్యాబ్ ఎక్స్‌ప్రెస్‌వే మీద బోల్తా పడి, వెన్నుపూస విరిగి, ఎనిమిది నెలలు ఆస్పత్రుల్లో పడి ఇంటికొచ్చినప్పుడు ఎంతమంది చూడవచ్చారో. డ్రైవరు తాగి ఉన్నాడా అన్నారు. ఎవరిదో దిష్టి అన్నారు. ప్రాణం దక్కింది, అదే పదివేలు అన్నారు. ఆఫీసు వాళ్ళు ఎంత మంచివాళ్ళంటే, ఇంటి నుంచే పని చేసుకోమన్నారు, ఎప్పటికీ ఇంటి నుంచే, మరి గుమ్మం దగ్గరి మూడు మెట్లకి వాలుదారి కట్టించే అవసరం తప్పిందిగా. శ్రీరాములు గారు కూడా వచ్చారు. కర్రలు గోడకు ఆనించి, మంచినీళ్ళు తాగి, ఎలా జరిగిందని అడగలేదు. "మీ బాత్రూము తలుపు వెడల్పెంతమ్మా?" అన్నారు. అంతే, ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది, ఎనిమిది నెలల్లో అలా ఏడవలేదు. కుర్చీ లోపలికి పట్టడం లేదు, సాయి ఎత్తుకుని తీసుకెళ్ళాల్సి వస్తోంది, ఆ సంగతి సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేదు, ఆయన అడగకుండానే తెలుసుకున్నారు. తర్వాతి ఆదివారం వడ్రంగిని వెంటబెట్టుకొచ్చి, తలుపు ఊడపీకించి, పక్కకు జరిగే తలుపు పెట్టించి వెళ్ళారు. డ్రిల్లు సంగతి ఎత్తలేదు. ఎత్తుతారేమోనని ఆమెకు తట్టనైనా తట్టలేదు. ఆయన మరిచిపోయారా? చచ్చినా మరిచిపోరు. కిందివాళ్ళ నవ్వులు వినబడుతుంటే పైన కూర్చున్న మనిషి ఎలా మరిచిపోతాడు.

మైకులో ఎవరో అంకెలు చదువుతున్నారు. చప్పట్లు. ఫ్లాటు తర్వాత ఫ్లాటు. ఒక్కో అంకెకీ ఆమె చెవులు రిక్కించింది, గ్యారహ్ సౌ, పదకొండు వందలు అని వినబడిందేమో అనిపించింది, మెట్లలోంచి అడుగుల చప్పుడు అడ్డొచ్చింది. వస్తున్నారు! బరువైన అడుగులు, ఆగి ఆగి ఎక్కుతున్న అడుగులు. వచ్చేశారు, అమ్మయ్య, అనవసరంగా అనుమానపడ్డాను సాయిని, ఎంత పాపిష్టిదాన్ని, అనుకుంటూ గబగబా ఒళ్ళో చున్నీ సర్దుకుంది, బ్రేకులు తీసింది, మెట్ల తలుపుకేసి కుర్చీ తిప్పింది. పెళ్ళిచూపులనాడు కూడా ఇంత కంగారు పడలేదు.

రాంవీర్. ఒక్కడే. టవర్ గార్డు, యాభై దాటిన మనిషి, పై జేబులో వాకీటాకీ, చేతిలో ఫోను. ఉత్త చేతులతో వచ్చాడు. గస పోసుకుంటూ తలుపు పట్టుకుని నిలబడి, "అరే మేడమ్ జీ, ఆప్ యహాఁ?" అన్నాడు.

"కుర్సీ కహాఁ హై భయ్యా? దో ఆద్మీ ఆనే వాలే థే." కుర్చీ ఏది, ఇద్దరు మనుషులు రావాలి కదా, అని అడిగింది.

అతనికి ఏమీ అర్థం కాలేదు. ఫోను తెరిచి, రిజిస్టరు పేజీల ఫొటోలు వేలితో జరుపుకుంటూ వాళ్ళ ఫ్లాటు నంబరు వెతికాడు. "గ్యారహ్ సౌ చార్... యే తో హో గయా మేడమ్. తీన్ మే సే తీన్. సాహబ్ కా సైన్ భీ హై." ముగ్గురికి ముగ్గురూ అయ్యారు, సార్ సంతకం కూడా ఉంది, అంటూ నమ్మదేమోనని ఫోను ఆమె మొహం దగ్గర పెట్టాడు. చూసింది. ఉన్నవాళ్ళు, మూడు. దిగినవాళ్ళు, మూడు. పైన ఉన్నవాళ్ళు అన్న గడిలో అడ్డంగా ఒక చిన్న గీత. సాయి మూడంకె ఆమెకు తెలుసు, పైన గీత గీసి కింద పొట్ట చుడతాడు. సంతకం చివర తోక కూడా ఉంది. తొందరలో పెట్టిన సంతకం కాదు, నిదానంగా, వరసలో కుదురుగా పెట్టిన సంతకం.

"మై తో యహాఁ బైఠీ హూఁ," అంది. నేనిక్కడే కూర్చునున్నానుగా అని.

రాంవీర్ ఇబ్బందిగా కదిలాడు. లిస్టు పంపేశారు, ఏజెన్సీ వాళ్ళు బండి కూడా ఎక్కేశారు, నేనేం చెయ్యను, అన్నాడు. మంచినీళ్ళు తెచ్చివ్వనా అని అడిగాడు, పాపం. ఇంతలో జేబులోని వాకీటాకీ గరగరలాడింది, పదకొండో అంతస్తు సంగతేంటని ఎవరో అడుగుతున్నారు. రాంవీర్ ఆమెనే చూస్తూ, క్షమించమన్నట్టు కనుబొమలు పైకెత్తి, మీట నొక్కి చెప్పాడు. "ఎలెవెన్త్ క్లియర్ సర్. కోఈ నహీ హై." చెప్పి, ఇంకా పైఅంతస్తులు చూడాలంటూ మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

కోఈ నహీ. ఎవరూ లేరు. మరి ఈ చేతులు ఎవరివి, ఈ ఎండిపోయిన నోరు ఎవరిది. అరవాలనిపించింది, మెట్లలోకి మొహం పెట్టి పదకొండు అంతస్తులూ అదిరిపోయేలా అరవాలనిపించింది, అరిస్తే ఏమంటారు, పాపం మెంటల్ స్ట్రెస్ అంటారు, సాయి భుజం తట్టి ఓదారుస్తారు. ఫోను చేస్తే? ఎత్తి, "ఆఁ ఆఁ, వచ్చేస్తున్నా," అంటాడు. గ్రూపు తెరిచింది. అప్పుడే పెట్టాడు త్యాగీ, పార్కులో అందరూ బొటనవేలు పైకెత్తి నిలబడిన ఫొటో, టవర్ బి, వంద శాతం, ముప్ఫై ఒక్క నిమిషాలు, కింద వరసగా చప్పట్లు కొడుతున్న చేతులు. ఫొటోలో చైతు ముందు వరసలో ఉంది, కళ్ళు చికిలించుకుని. సాయి వెనకాల ఉన్నాడు, ఎవరి భుజం చాటునో, సగం మొహమే కనిపిస్తోంది. నేను పైనే ఉన్నాను అని రాసింది. రాసి, వేలు పైన ఆపి, చూసింది. పంపితే ఏమవుతుంది, సాయి అబద్ధమాడాడని నాలుగువందల ఫ్లాట్లకి తెలుస్తుంది, ఆ అబద్ధమాడిన మనిషే రాత్రి ఆమెను మంచం మీదికి ఎత్తాలి, పొద్దున దించాలి. ఒక్కో అక్షరమే చెరిపేసింది. ఎవరి మీద కోపమో తేల్చుకోలేకపోయింది. సాయి మీద కోపం తెచ్చుకుందామంటే వాడి మూడంకె పక్కన తన టిక్కు మార్కు కనబడుతోంది, సాగదీసిన అందమైన టిక్కు. వాడికి సిగ్గన్నా ఉంది, భుజం చాటున దాక్కున్నాడు. తనకి అది కూడా లేదు, మగ్గు తెచ్చుకుంది.

పదకొండు కావడానికి ఐదు నిమిషాలుండగా లిఫ్టుల మీద అంకెలు వెలిగాయి. సున్నా. ఒకటి. నాలుగు. ప్రతి అంతస్తులోనూ ఆగుతూ, మనుషుల్ని దింపుకుంటూ, కబుర్లు వినిపిస్తూ పైకి వస్తోంది. మే నెల ఇంకా ఏడు నెలలుంది. పదకొండు వెలిగి, తలుపు తెరుచుకుంది. భాటియా ఆంటీ, కోకో, సాయి, చైతు. ఆంటీ ఆమెను చూసి, అయ్యో ఇక్కడే కూర్చున్నావా, లోపల ఏసీలో ఉండకూడదూ, అని హిందీలో అని తన తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. సాయి చేతిలో పాలిథిన్ సంచి ఉంది. అందులో అట్టపెట్టెలు, నూనె మరకలు, సమోసాల వాసన. డ్రిల్లుకి దిగినవాళ్ళకి తలా ఒక పెట్టె. మూడు ఉన్నాయి.

"వల్లీ, అదీ," అన్నాడు సాయి, సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ. "వెనకాల లైన్లో అందరూ నిలబడి చూస్తున్నారు. సబ్ ఆ గయే నా, అందరూ వచ్చేశారుగా అని అడిగాడు త్యాగీ. ఔనన్నా. నోట్లోంచి వచ్చేసింది. ఏం చెయ్యమంటావు చెప్పు, ఎండలో పిల్లలు, ఒక్క మనకోసం అందర్నీ ఆపాలంటే... వచ్చే ఏడు తప్పకుండా రాద్దాం. నేనే దగ్గరుండి రాయిస్తా."

"పాపా, మమ్మా తో ఊపర్ థీ నా?" అంది చైతు, మమ్మా పైనే ఉంది కదా అని. బహుశా కింద కూడా అడిగి ఉంటుంది.

"చుప్," అన్నాడు సాయి.

లిఫ్టు తలుపు మూసుకుని పైకి వెళ్ళింది. ప్రవల్లిక అతని మొహం చూసింది, ఆ చెవులు చూసింది, ఎర్రగా ఉన్నాయి, తిట్టు తినడానికి సిద్ధంగా ఉన్న మొహం, తిట్టేస్తే తేలికపడే మొహం. నోరు తెరిచింది. తిట్టే వచ్చేది, కానీ దానికంటే ముందు ఆ మాట వచ్చింది, ఆరేళ్ళనాటి మాట, ఇందాకట్నుంచి ఎంత వెతికినా దొరకని మాట, ఎవరో అందించినట్టు వచ్చి నాలుక మీద నిలబడింది. శ్రీరాములు గారు ఎలా అన్నారో అలాగే, తల కొంచెం పక్కకు వంచి, పెదాలు విచ్చుకునేలా చేసుకుని అంది.

"అయితే నేను కిందికి వచ్చేశానన్న మాట."

సాయి ఒక్క క్షణం ఆమెను చూశాడు. పెదాలు నవ్వుతున్నాయని చూసుకున్నాడు. అప్పుడు నవ్వాడు, గండం గడిచినవాడిలా, భుజాలు కదిలేలా, గట్టిగా, చాలాసేపు. ఆమె కూడా ఆ రోజు ఇలాగే నవ్వింది, సరిగ్గా ఇలాగే. తండ్రి నవ్వడం చూసి చైతు కూడా నవ్వింది.